పాఠకుల ప్రశ్నలు - జవాబులు: కౌంటీ ఫెయిర్‌లో పోటీకి దిగే ముందు

ప్రశ్న: అమెరికాలో కౌంటీ ఫెయిర్‌లు (జిల్లా స్థాయి వ్యవసాయ ప్రదర్శనలు, పోటీలు ఉండే జాతరలు) ఎవరు నడుపుతారు? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు: రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. ఒహాయోలో కౌంటీ వ్యవసాయ సంఘాలు నడిపితే, కాలిఫోర్నియాలో చాలా ఫెయిర్‌లు జిల్లా వ్యవసాయ సంఘాల పేరుతో రాష్ట్ర ప్రభుత్వ సంస్థలుగా ఉంటాయి. ఈ సంప్రదాయానికి మూలం మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో 1810లో ఎల్కనా వాట్సన్ పెట్టించిన పశువుల ప్రదర్శన అంటారు. బోర్డు సభ్యుల్లో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసేవాళ్లే. వాళ్ల కింద పశువులు, కోళ్లు, పంటలు, వంటలు, కుట్టుపని, ఇలా ఒక్కో విభాగానికి ఒక్కో సూపరింటెండెంట్ ఉంటారు.

పిల్లల పోటీలు చాలావరకు 4-హెచ్‌వి. అది రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ విభాగం (వ్యవసాయ విస్తరణ సేవలు) కింద నడిచే యువజన కార్యక్రమం, ఫెయిర్ బోర్డు వేరు. అందుకే ఏ నిబంధన ఎవరు పెట్టారో ముందే తెలుసుకోండి. ఫిర్యాదు తప్పు చోటికి వెళితే, సరైన మనిషి దొరికేలోపు ఫెయిరే అయిపోతుంది.

ఆదాయం గేటు టికెట్లు, రంగులరాట్నాల కంపెనీ ఇచ్చే వాటా, గ్రాండ్‌స్టాండ్ ప్రదర్శనలు, స్టాళ్ల అద్దె, దాతల నుంచి వస్తుంది. శనివారం వాన పడితే వీటిలో మూడు ఒకేసారి పడిపోతాయి. ఈ లోటు కొంతైనా పూడాలని చాలాచోట్ల చలికాలంలో ఖాళీ షెడ్లను పడవలు, వాహనాలు దాచుకోవడానికి అద్దెకిస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే ఏడాది పందిని పెంచి ఫెయిర్‌లో చూపిస్తానంటోంది. ఏం చూసుకోవాలి?

జవాబు: పంది కంటే ముందు ప్రీమియం బుక్ (ఫెయిర్ పోటీల నిబంధనల పుస్తకం) తెచ్చుకోండి. నమోదు గడువు, చెవి ట్యాగు వేసే తేదీ, కనిష్ఠ, గరిష్ఠ బరువులు అన్నీ అందులో ఉంటాయి. ఒక్క గడువు తప్పినా ఏడాది శ్రమ పోతుంది, సాధారణంగా మినహాయింపు ఇవ్వరు. అందరికీ ఒకే నియమం వర్తించాలి కాబట్టి అది న్యాయమే. చాలా ఫెయిర్‌లు వైక్యూసీఏ (జంతువుల్ని సరిగ్గా పెంచడం పిల్లలకు నేర్పే కార్యక్రమం) శిక్షణ పత్రం కూడా అడుగుతాయి.

తర్వాత లెక్క. పంది రోజుకు సుమారు 2 పౌండ్లు పెరుగుతుందనుకుంటే, 50 పౌండ్ల పిల్ల 110 రోజుల్లో 270 పౌండ్లకు చేరుతుంది. ఫెయిర్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి కొనండి. రెండు వారాలకోసారి తూచండి. ఎండాకాలంలో పెరుగుదల మందగిస్తుంది: పందికి చెమట పట్టి ఒళ్లు చల్లబడదు, వేడికి మేత తగ్గిస్తుంది. నీడ, నీళ్లు, గాలి ఉండాల్సిందే. చివరి వారంలో బరువు దింపాలని మేత ఒక్కసారిగా కోస్తే కండ కూడా పోతుంది.

మందు వాడితే లేబుల్ మీద రాసిన విరామకాలం పూర్తయ్యాకే వధకు పంపాలి. మాంసంలో మందు అవశేషం బయటపడితే బహుమతి వెనక్కి తీసుకోవచ్చు. జ్వరమో దగ్గో ఉన్న పందిని అసలు తీసుకెళ్లకండి. 2012లో ఫెయిర్‌లలో పందుల నుంచి మనుషులకు సోకిన ఫ్లూ కేసులు 300 దాటాయి, ఎక్కువ ఇండియానా, ఒహాయోలలోనే. పందుల్ని 72 గంటలకు మించి ఉంచొద్దని సలహా ఇవ్వడానికి కారణం అదే. షెడ్డులో తినడం, తాగడం వద్దు. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్లు అటు వెళ్లకపోవడమే మంచిది.

వేలం గురించి అమ్మాయికి ముందే చెప్పండి. చాలా ఫెయిర్‌లలో వేలంపాట అయ్యాక జంతువు నేరుగా వధశాలకు వెళుతుంది, ఇంటికి రాదు. కొనేది తరచూ స్థానిక వ్యాపారులే, మార్కెట్ ధర కంటే ఎక్కువ ఇస్తారు. కొన్నిచోట్ల కొన్నవారికి కృతజ్ఞతా లేఖ రాసేదాకా పిల్లలకు చెక్కు ఇవ్వరు.

ప్రశ్న: పిల్లలందరికీ నీలం రిబ్బనే ఇస్తున్నారు. ఇదేం పోటీ?

జవాబు: అది డేనిష్ పద్ధతి. ఒకరితో ఒకరిని పోల్చరు. నిర్ణీత ప్రమాణాన్ని చక్కగా అందుకుంటే నీలం, కొంత లోపముంటే ఎరుపు, ఇంకా మెరుగుపడాల్సి ఉంటే తెలుపు. ఒక్కరినే మొదటి స్థానంలో నిలబెట్టేది వేరే పద్ధతి. మీ విభాగంలో ఏది పాటిస్తున్నారో ప్రీమియం బుక్ చెబుతుంది.

ప్రశ్న: పోటీకి ఇచ్చిన జామ్ సీసాను జడ్జీలు రుచి చూడకుండానే పక్కన పెట్టేశారు. ఎందుకు?

జవాబు: బహుశా మూత దగ్గరే తేడా వచ్చి ఉంటుంది. జామ్‌కు పైన పావు అంగుళం ఖాళీ ఉండాలి. మైనంతో మూసినవి, తుప్పుపట్టిన మూతలున్నవి తీసుకోరు. నింపి మూత పెట్టిన సీసాను మరిగే నీళ్లలో ఉంచిన సమయం లేబుల్ మీద రాయమంటారు. పెక్టిన్ (జామ్ గట్టిపడేందుకు కలిపే పదార్థం) వేసిన మామూలు జామ్‌కు సముద్రమట్టం నుంచి 1,000 అడుగుల ఎత్తు వరకు 5 నిమిషాలు, 6,000 వరకు 10, ఆపైన 15. అయిదు నిమిషాలే ఉంచేట్టయితే సీసాల్ని ముందే మరిగించి శుభ్రం చేయాలి.