నిమోడిపిన్ రాసే ముందు బీపీ చూడు, తల్లీ

చిరంజీవి శాంతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు జిల్లా ఆసుపత్రిలో పక్షవాతం వార్డు బాధ్యత తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. న్యూరాలజీలో డీఎం చేసిన పిల్ల, కాన్పులు ఎక్కువగా జరిగే చోటును కోరి ఎంచుకుందంటే నాకు ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. ఆ సంతోషంలోనే నువ్వు పంపిన కాగితం తెరిచాను. పురుడు పోసుకున్నాక పిడుగుపడ్డట్టు తలనొప్పి వచ్చే తల్లులకు, బిగుసుకున్న ధమనులను వదులుచేసే నిమోడిపిన్ ఎలా ఇవ్వాలో చక్కగా రాశావు. మోతాదు ఉంది, వేళలు ఉన్నాయి, ఎన్ని వారాలు వాడాలో ఉంది. బీపీ గురించి మాత్రం చివర ఒక్క వాక్యమే ఉంది. అది చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

తెలిసిన పనులు నీకు మళ్లీ చెప్పను. సీటీ తీయిస్తావు, యాంజియోగ్రామ్‌తో ఎన్యూరిజం, అంటే ధమని గోడలో బుడగలాంటి ఉబ్బు, లేదని తేల్చుకుంటావు, బాలింత కాబట్టి మెదడు సిరల్లో గడ్డ కట్టలేదని వెనోగ్రామ్‌లో చూస్తావు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. మెదడు ధమనులు కొన్నాళ్లు బిగుసుకుని మళ్లీ తెరుచుకునే ఈ రివర్సిబుల్ సెరిబ్రల్ వాసోకన్‌స్ట్రిక్షన్ సిండ్రోమ్‌లో మొదటి వారం యాంజియోగ్రామ్ శుభ్రంగా కనిపించవచ్చు. బిగుసుకోవడం చివరి చిన్న ధమనుల్లో మొదలై, రోజులు గడిచేకొద్దీ పెద్ద ధమనుల వైపు వస్తుంది. ఫిల్ములో ఏమీ లేదని మొదటి రోజే ఇంటికి పంపేస్తే, రెండో వారంలో ఆమె అంబులెన్సులో తిరిగి రావచ్చు. నిమిషం లోపే తారస్థాయికి చేరే నొప్పి కొద్ది రోజుల్లో మళ్లీ మళ్లీ వచ్చిందంటే, ఫిల్ము ఏం చెప్పినా ఆ కథనే నమ్ము.

ఇక మందు సంగతి. కాల్, ఫ్లెమింగ్ తమ సహచరులతో కలిసి ఈ జబ్బును వివరించింది 1988లో. అంతవరకు తలా ఒక పేరుతో పిలిచిన రకాలన్నీ ఒకే గొడుగు కిందికి చేరింది 2007లో. నిమోడిపిన్ మాత్రం దీనికోసం పుట్టిన మందు కాదు. ఎన్యూరిజం పగిలి మెదడు చుట్టూ రక్తం చేరినవాళ్ల కోసం వచ్చింది. 1989లో అచ్చయిన బ్రిటిష్ పరీక్షలో 554 మందిని తీసుకుని, సగం మందికి 4 గంటలకోసారి 60 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు ఇచ్చారు. మెదడులో కొంత భాగం చచ్చుబడటం 33 శాతం నుంచి 22 శాతానికి తగ్గింది. నువ్వు రాసిన మోతాదు అక్కడి నుంచి వచ్చిందే. మన సిండ్రోమ్‌లో దాని వాడకం చాలావరకు కేసుల వరుసల మీదే నిలబడి ఉంది. తలనొప్పులు తగ్గుతాయని చాలామంది చూశారు, నేనూ చూశాను. రక్తస్రావాన్ని, పక్షవాతాన్ని ఆపుతుందని గట్టిగా రుజువు కాలేదు. ఎక్కువమందిలో ధమనులు 12 వారాల్లోగా వాటంతట అవే తెరుచుకుంటాయి. కనుక ఇక్కడ నీ మొదటి ధర్మం హాని చేయకుండా కాపలా కాయడం. మందు ఆ తర్వాత.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే మా వార్డులో జరిగిన ఒక పొరపాటు నువ్వు వినాలి.

ఆమెకు అది రెండో కాన్పు. రక్తస్రావం ఆగడానికి పురిటి గదిలో మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇచ్చారు. అది రక్తనాళాలను బిగించే మందు అని నీకు తెలుసు. కొన్ని రోజులకు తల బద్దలయ్యే నొప్పి, ఆపైన ఒక ఫిట్. బీపీ ఎక్కువగా ఉంది. కాన్పుల విభాగం వాళ్లు ఫిట్లు ఆపడానికి మెగ్నీషియం ఎక్కించారు, లాబెటలాల్ మొదలుపెట్టారు. యాంజియోగ్రామ్‌లో ధమనులు పూసల దండలా కనిపించడంతో మా విభాగం నిమోడిపిన్ 60 మిల్లీగ్రాములు రాసింది. విడివిడిగా చూస్తే ఏ ఒక్కరూ తప్పు చేయలేదు. మూడు మందులూ బీపీని కిందికి లాగేవే. రెండు విభాగాలకు రెండు కేసు షీట్లు ఉండేవి, ఒకరిది ఇంకొకరు తెరవలేదు.

ఆ రాత్రి ఆమె నొప్పి లేకుండా నిద్రపోయింది. ఎన్నాళ్లకో కన్ను మూసింది, లేపవద్దని తల్లి బతిమాలితే డ్యూటీ సిస్టర్ కనికరించింది. మాత్ర వేసి వెళ్లిపోయింది, పట్టీ చుట్టి బీపీ చూడలేదు. మాత్ర మింగిన గంటకు అటూ ఇటూగా మందు రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది, బీపీ కూడా అప్పుడే పడుతుంది. తెల్లవారి చూస్తే పైఅంకె తొంభైల్లో ఉంది. బిడ్డను అందుకోబోతే ఎడమ చేయి లేవలేదు, ఎడమ పక్కన నిలబడ్డ భర్త కనిపించలేదు. ఎంఆర్‌ఐలో దెబ్బతిన్నవి రెండు ధమనుల పరిధులు కలిసే అంచు ప్రాంతాలు. కాలువలో నీటిమట్టం తగ్గినప్పుడు ముందుగా ఎండేవి శివారు భూములే కదా. బిగుసుకున్న ధమని వెనుక ఒత్తిడి పడిపోతే మెదడులోనూ అంతే.

తర్వాత చాలా నెలలకు చేయి చాలావరకు తిరిగి వచ్చింది. చూపు పూర్తిగా రాలేదు. వచ్చినప్పుడల్లా పిల్లవాణ్ని కుడి చంకలోనే ఎత్తుకుని వచ్చేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె అంటే బాగుండేదని ఇప్పటికీ నాకనిపిస్తుంది.

అందుకే నీ కాగితాన్ని తిరగరాయి. మోతాదు గడి పక్కనే బీపీ గడులు రెండు ఉండాలి, ఒకటి మాత్రకు ముందు, రెండోది మాత్ర వేసిన గంటకు. ఏ అంకె దగ్గర మాత్ర ఆపి నీకు ఫోను చేయాలో ప్రతి రోగికీ విడిగా కేసు షీటు మీదే రాయి, ఎందుకంటే నిన్నటిదాకా 160 ఉన్న మనిషికి 110 కూడా తక్కువే. 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టు. 60 తట్టుకోలేకపోతే 30 చొప్పున 2 గంటలకోసారి ఇవ్వవచ్చు. నిద్రలో ఉన్నా లేపి పట్టీ చుట్టాలని సిస్టర్లకు నువ్వే నచ్చజెప్పు, ఇంటివాళ్లకు కూడా కారణం చెప్పు. కాన్పుల విభాగంతో కూర్చుని, ఈ తల్లుల బీపీ మందులన్నీ ఒకే షీటు మీద, ఒకే డాక్టరు చేతి మీదుగా నడవాలని మొదటి వారంలోనే ఒప్పందం చేసుకో. వాళ్లు మెగ్నీషియం ఆపి నిమోడిపిన్ చాలునంటే మాత్రం ఒప్పుకోకు. ఆ రెంటినీ పోల్చిన 1,650 మంది పరీక్ష 2003లో అచ్చయింది. గర్భిణుల్లో బీపీ పెరిగే జబ్బయిన ప్రీఎక్లాంప్సియా తీవ్రంగా ఉన్నప్పుడు ఫిట్లు నిమోడిపిన్ తీసుకున్నవాళ్లలో 2.6 శాతం, మెగ్నీషియం తీసుకున్నవాళ్లలో 0.8 శాతం.

ఫిట్ వచ్చిందనగానే చేయి ఫెనిటాయిన్ వైపు వెళ్తుంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, క్షయ రోగులకిచ్చే రిఫాంపిసిన్ ఉంటే నిమోడిపిన్‌ను కాలేయం వేగంగా కరిగించేస్తుంది, నువ్విచ్చిన మాత్ర పేరుకే మిగులుతుంది. లెవెటిరాసెటామ్ వాడుకో. క్లారిత్రోమైసిన్ దీనికి వ్యతిరేకం, మందును రక్తంలో పేరుకునేలా చేసి బీపీని పడగొడుతుంది.

మింగలేని రోగికి గుళికలోని ద్రవాన్ని సిరంజితో తీసి ముక్కు గొట్టంలో పోస్తారు. ఆ సిరంజి పొరపాటున నరంలోకి వెళ్లి మనుషులు చనిపోయారు. అందుకే 2006లో అమెరికా ఔషధ సంస్థ ఆ మందు మీద నల్ల గడి కట్టిన తీవ్ర హెచ్చరిక వేయించింది. నీ వార్డులో ఆ సిరంజి మీద “నోటికి మాత్రమే” అని పెద్ద అక్షరాలతో రాయించు. మన దగ్గర నరంలోకి ఎక్కించడానికి తయారుచేసిన సీసా వేరుగా దొరుకుతుంది. మామూలు పీవీసీ గొట్టం ఆ మందును పీల్చేస్తుంది, కనుక దానికి పాలిఇథిలిన్ గొట్టం కావాలి, ఎండ తగలకూడదు.

ధమనులను వదులుచేసే ఇంకో మందు వెరాపమిల్ కూడా రాశావు. దాన్ని నేను కాదనను.  ఇచ్చేముందు ఈసీజీ తీయించు. ఎవరో మైగ్రేన్ అనుకుని అప్పటికే గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్ రాసి ఉంటారు, రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోతుంది. వెరాపమిల్ మలబద్ధకం తెస్తుంది. ఈ జబ్బులో ముక్కడమే నొప్పిని మళ్లీ తెస్తుంది. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజే జతచేయి.

స్టెరాయిడ్ ఇవ్వాలనే తొందర నీ మీదికి వస్తుంది. పూసల దండ చూడగానే ఎవరో ఒకరు వాస్కులైటిస్, అంటే రక్తనాళాల వాపు, అంటారు. ఆ జబ్బు పిడుగులా మొదలవదు, మెల్లగా కమ్ముకుంటుంది. మన సిండ్రోమ్‌లో స్టెరాయిడ్లు పొందినవాళ్లు మరింత దెబ్బతిన్నారని పెద్ద కేసుల వరుసలు చూపించాయి. నువ్వు చిన్నదానివని గొంతు పెంచి మాట్లాడే పెద్ద డాక్టర్లు ఉంటారు. గౌరవంగా విను, సంతకం మాత్రం పెట్టకు.

ఇంటివాళ్లతో మాట్లాడటానికి సమయం ఉంచుకో. జలుబుకు తెచ్చుకునే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ మాత్రలు, తలనొప్పికి ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, పాలు ఆపడానికి బ్రోమోక్రిప్టిన్, ఇవేవీ వద్దని కాగితం మీద తెలుగులో రాసివ్వు. కుంగుబాటుకు ఏదైనా మాత్ర వాడుతోందేమో నిదానంగా అడుగు, కొన్ని అలాంటి మందులు కూడా దీన్ని రేపుతాయి. కానీ వాటిని చెప్పాపెట్టకుండా ఆపించకు, మానసిక వైద్యులతో మాట్లాడి మార్పించు. స్నానం విషయం మరిచిపోవద్దు. తలమీద నీళ్లు పడగానే ఈ నొప్పి వచ్చిన స్త్రీల కేసులు ఆసియా దేశాల నుంచి వెలువడ్డాయి. మన ఇళ్లలో బాలింతకు కాగే నీళ్లు కుమ్మరించి తలంటు పోస్తారు, అది ప్రేమతో చేసే పని. అమ్మమ్మను కసరకు. కొన్ని వారాలు గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిస్తే చాలునని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. వింటారు, నేను చూశాను.

నువ్వు చిన్నప్పుడు జ్వరం వస్తే థర్మామీటరు నీ చేతికే ఇమ్మని పట్టుబట్టేదానివి. అంకె చూడనిదే మందు మింగేదానివి కాదు. ఆ పిల్ల ఈ వార్డుకు వెళ్తోందని తలచుకుంటే సగం ధైర్యంగా ఉంటుంది. మిగతా సగం నువ్వు రాసి పంపాలి. గడులు చేర్చిన కొత్త కాగితం ఆదివారంలోగా పంపు, ఎర్ర సిరాతో దిద్ది ఇస్తాను. రాత్రి ఏ వేళైనా, ఏ రోగి గురించైనా ఫోను చేయి. నేను మేలుకునే ఉంటాను. వేళకు తిను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ