ఫోను రెండు వైపులా తల ఊపితే

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి మామిడి తోట, మా నాయన నాటిన చెట్లు. 2025లో కాయ అమ్ముకోవడానికి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ మీదే రెండు రాత్రులు పడుకున్నాను. మా అబ్బాయి ఫోనులో ఏఐని ‘చెట్లు కొట్టేయడమే మంచిది కదా’ అని అడిగితే, అవునని ఆరు కారణాలు చెప్పింది. నేను మనవరాలి చేత ‘ఉంచుకోవడమే మంచిది కదా’ అని అడిగించాను. దానికీ అవుననే చెప్పింది. ఏది నమ్మాలి?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: అన్నా, తిరుపతిలో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పాను. ప్రశ్నను ఇలా తిరగేసి అడిగిన పిల్లలు నాకు చానా తక్కువ మంది దొరికారు.

ఆ ఏఐ మీ తోట చూడలేదు. కుప్పలు తెప్పలుగా రాతలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టి జవాబు అల్లుతుంది. పైగా దాన్ని తయారుచేసేటప్పుడు ఏ జవాబు బాగుందో మనుషుల చేత మార్కులు వేయిస్తారు. అందుకని అడిగినవాళ్లకు నచ్చేట్టు మాట్లాడే గుణం కొంత అబ్బింది. మీవాళ్లిద్దరూ ‘కదా’ అన్నారు. ఆ ‘కదా’కే అది తల ఊపింది.

మనమేం తక్కువ తినలేదు. 1981లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం అచ్చువేశారు. ఏదో జబ్బుకు 600 మంది చనిపోయేట్టున్నారు అనుకోమన్నారు. ‘ఈ పద్ధతిలో 200 మంది ఖాయంగా బతుకుతారు, ఆ పద్ధతిలో అందరూ బతకొచ్చు, ఎవరూ బతకకపోవచ్చు’ అంటే నూటికి 72 మంది ఖాయమైనదే కోరుకున్నారు. అదే ఖాయమైన పద్ధతిని ఇంకో గుంపుకు ‘400 మంది చనిపోతారు’ అని చెబితే కోరుకున్నది 22 మందే. లెక్క మారలేదు, చెప్పిన తీరు మారింది.

నా సంగతీ చెప్తాను. కరకంబాడి రోడ్డులో మా స్థలంలో రెండు బోర్లు ఎండిపోయాయి. వాటికి పోసిన డబ్బు వృథా అవుతుందన్న బాధతో మూడోది వేయించాను. దుమ్ము లేచింది. స్టాటిస్టిక్స్ చెప్పే మనిషినే మరి.

మీ ఇంట్లో మీకు మీ నాయన చెమట అడ్డం, అబ్బాయికి ఆ గేటు ముందటి రెండు రాత్రులు అడ్డం. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించే దాకా వచ్చిందంటే ఆ ఏడాది ఎంత గడ్డుదో తెలుస్తూనే ఉంది. కానీ అది ఒక్క ఏడాది. గుర్తున్నంత వరకు పదేళ్ల కాపు, ధర, కూలీ, మందుల ఖర్చు నోటుబుక్కులో రాయండి. ఆ లెక్క చూపించి ఫోన్ని ‘కదా’ లేకుండా అడగమనండి: కొట్టేస్తే ఏమేం నష్టం, ఉంచితే ఏమేం నష్టం, మేం మరిచిపోయిన దారి ఏమైనా ఉందా?

ఈ మూడోది మీ ఇద్దరి ప్రశ్నల్లోనూ లేదు. పాత చెట్టును వేళ్లతో పెకలించక్కర్లేదు. కొమ్మలు నరికి, కొత్త చిగుళ్ల మీద బేనీషా (బంగినపల్లి) లాంటి వేరే రకం అంటు కట్టవచ్చు. టాప్ వర్కింగ్ అంటారు. మీ చెట్ల వయసుకు అది పనికొస్తుందో లేదో ఉద్యానశాఖ అధికారిని తోటకు పిలిచి చూపించండి. సరేనంటే ముందు పది చెట్ల మీద చేయించండి. ఆ పదింటి కాపు కొన్నేళ్లు పోతుంది, మిగతా తోట అట్లే ఉంటుంది.