31 కరెక్టా, 24 కరెక్టా?

ప్రశ్న: మెకానికల్‌లో పీహెచ్‌డీకి చేరదామనుకుంటున్నానండీ. గైడ్‌గా అనుకుంటున్న సార్‌కి గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ (పరిశోధన పేపర్లని మిగతావాళ్ళు ఎంత వాడుకున్నారో చెప్పే అంకె) 31 చూపిస్తోంది, పేపర్ల వివరాలు పెట్టే ఇంకో డేటాబేస్ స్కోపస్‌లో చూస్తే 24. ఏది నమ్మాలి? మా ఫ్రెండేమో కంప్యూటర్ సైన్స్‌లో ఒకాయనకి 60 ఉంది, మీ సార్ ఏపాటి అని వెక్కిరిస్తున్నాడు.

జవాబు: రెండూ నిజమేనండీ. స్కోపస్ తను ఏరుకున్న జర్నల్స్, కాన్ఫరెన్సులు, పుస్తకాలే లెక్కేస్తుంది, స్కాలరేమో థీసిస్‌లు, ప్రీప్రింట్లు, నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌లు అన్నీ ఊడ్చుకొస్తుంది కాబట్టి మామూలుగా దాంట్లోనే అంకె లావుగా ఉంటుంది. ఒక్కోసారి అదే పేరున్న ఇంకొకాయన పేపర్లు కూడా వచ్చి కలిసిపోతాయి, అదీ చూసుకోండి.

హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. ఒక పేపర్‌ని ఇంకో పేపర్ రిఫరెన్సుగా పెట్టుకుంటే అది ఒక సైటేషన్. పేపర్లని సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి వరసగా పెట్టి, ఎన్నో పేపరో కనీసం అన్ని సైటేషన్లు ఉన్నంతవరకు లెక్కపెడితే వచ్చేదే హెచ్. ఒకాయన పేపర్లకి వరసగా 90, 40, 12, 5, 4, 2 సైటేషన్లు ఉన్నాయనుకోండి, నాలుగో పేపర్‌కి 5 ఉన్నాయి, సరిపోయింది, ఐదోదానికి 4 ఏ ఉన్నాయి, అక్కడే ఆగిపోతాం, ఆయన హెచ్ 4. ఆ 90 కాస్తా 900 అయినా 4 ఏ! ఫీల్డు మారితే ఈ అంకె కూడా మారుతుందని హిర్షే చెప్పాడు, మీ ఫ్రెండ్‌కి ఆ మాట చెప్పండి. అసలు మెకానికల్‌లోనే నానోఫ్లూయిడ్స్ మీద రాసేవాళ్ళకీ గేర్ల అరుగుదల మీద రాసేవాళ్ళకీ పోలికే లేదు. పైగా అందరి పనీ ఒకచోట చేర్చి రాసే రివ్యూ పేపర్ ఒక్కటి హిట్టయితే చాలు, సైటేషన్లు వచ్చి పడుతూనే ఉంటాయి.

అన్నట్టు సైటేషన్లు తక్కువున్నా పని గొప్పదే కావచ్చు. ప్రవాహం నున్నగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా అని అంచనా వేసే రేనాల్డ్స్ నంబర్ వాడని ఫ్లూయిడ్స్ వాళ్ళు ఉంటారా? కానీ 1883 నాటి రేనాల్డ్స్ పేపర్‌ని రిఫరెన్సుల్లో పెట్టేవాళ్ళు ఎంతమంది చెప్పండి, మరీ అందరిదీ అయిపోతే ఇక సైట్ చెయ్యరు.

మీరొక పని చెయ్యండి. స్కోపస్‌లో సొంత సైటేషన్లు, అంటే తన పేపర్లని తనే సైట్ చేసుకున్నవి, తీసేసి చూసే ఆప్షన్ ఉంది, ముందు అది నొక్కండి. తర్వాత రివ్యూలు పక్కన పెట్టి, సార్ పేపర్లలో ఎక్కువ సైట్ అయినవి రెండు తీసుకుని, వాటిని సైట్ చేసినవాళ్ళ పేపర్లు తెరిచి, సార్ పేరు ఏ వాక్యంలో వచ్చిందో చదవండి. ఇంట్రడక్షన్‌లో రిఫరెన్సు నంబర్లు 12 నుంచి 19 వరకు అని గుంపులో పడేశారా, లేక సార్ ల్యాబ్‌లో కొలిచిన డేటా పక్కన పెట్టుకుని వాళ్ళ సిమ్యులేషన్‌ని సరిచూసుకున్నారా? ఈ రెండో రకం ఓ పది కనబడ్డాయంటే 31 అయినా 24 అయినా నేనైతే వెళ్ళి చేరిపోతా.