పాలపళ్ళు ఎన్నో ఏట ఊడతాయి?

మీ బాబుకి ఆరు నిండినా ఒక్క పన్ను కూడా కదలట్లేదని అడిగారు కదా, కంగారు పడకండి, ఇది మామూలే. ఎక్కువమంది పిల్లలకి 6 ఏళ్ళ దగ్గర మొదలవుతుంది, కొందరికి 5కే, ఇంకొందరికి 7 దాటాక, మామూలుగా పళ్ళు లేటుగా వచ్చిన పిల్లలకి ఊడటం కూడా లేటే. ముందు కింది వరసలో మధ్య రెండు, తర్వాత పైన మధ్యవి, అలా 12, 13 ఏళ్ళకల్లా మొత్తం 20 పాలపళ్ళూ పోతాయి. లోపల శాశ్వత పన్ను పైకి వస్తుంటే పాలపన్ను వేరు మెల్లగా కరిగిపోతుంది, అందుకే ఊడిన పన్నుకి వేరు పెద్దగా కనపడదు, సగం విరిగి లోపలే ఉండిపోయిందేమో అని భయపడక్కర్లేదు.

చాలామంది గమనించనిది ఒకటుంది. 6 ఏళ్ళప్పుడే చివరి పాలపళ్ళ వెనకాల కొత్త దవడ పళ్ళు వస్తాయి, వీటికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి ఇవీ పాలపళ్ళే అనుకుని పుచ్చినా వదిలేస్తారు, దయచేసి అలా చేయొద్దు, అవి జీవితాంతం ఉండాల్సినవి, పోతే మళ్ళీ రావు.

కదిలే పన్నుని దారం కట్టి లాగకండి, వాడినే నాలుకతో ఆడించుకోనివ్వండి. పాతది ఊడకముందే వెనక కొత్తది కనిపిస్తే చాలాసార్లు పాతది పోయాక నాలుకే దాన్ని ముందుకి నెడుతుంది. 4 ఏళ్ళలోపే ఊడినా, దెబ్బ తగిలి కదిలినా, 8 వచ్చినా ఒక్కటీ కదలకపోయినా మాత్రం డెంటిస్ట్‌కి చూపించండి, ఎక్స్‌రే తీస్తే లోపల కొత్త పళ్ళు ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.