గొలుసు చెరువుల లెక్క: సివిల్ ఇంజనీరింగ్‌కి అమెరికా వచ్చే మన పిల్లలకు

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తండ్రి అడిగిన సందేహం ఇది. "అన్నా, మావాడు ఇంటర్ ఎంపీసీ అయినాడు. ఆగస్టులో టెక్సాస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో సివిల్‌లో చేరతాండాడు. పీజీ కాదు, నాలుగేళ్ల డిగ్రీనే. అన్నేళ్ల ఫీజంటే మాకు భారమే. సెమిస్టర్‌కి అయిదు సబ్జెక్టుల బదులు ఏడు తీసుకుంటే మూడేళ్లకే అయిపోదా? మొదటి సెమిస్టర్‌లో ఏవి తీసుకోమంటావు? సామాన్లలో ఏం పెట్టి పంపాలి?"

ఏడేసి సబ్జెక్టులు తీసుకున్నంత మాత్రాన మూడేళ్లలో కాదన్నా. డబ్బున్నా కాదు, తెలివున్నా కాదు. ఎందుకో చెప్తాను. ఈ సంగతి మా అక్క కొడుక్కి ముందే తెలిసుంటే వాడికో ఏడాది, మా బావకో ఏడాది ఫీజు మిగిలుండేవి.

మన బీటెక్‌లో మొదటి సంవత్సరం అంటే సెక్షన్‌లో అందరికీ అవే సబ్జెక్టులు, అదే టైమ్‌టేబుల్. ఏం చదవాలో మనం ఆలోచించే పని లేదు. ఒకటి పోతే సప్లీ రాసుకుంటాం, పై క్లాసులు మాత్రం ఆగవు. మూడో సంవత్సరంలో కూర్చుని మొదటి సంవత్సరం మ్యాథ్స్ రాసినవాళ్లు మా బ్యాచ్‌లో నలుగురున్నారు. అందులో నేనొకణ్ని.

ఇక్కడ సప్లీ అనే మాటే లేదు. ఎఫ్ గ్రేడ్, అంటే ఫెయిల్, వస్తే ఆ సబ్జెక్టు క్లాసులకు మొదట్నుంచీ మళ్లీ కూర్చోవాలి, డబ్బూ మళ్లీ కట్టాలి. చాలాచోట్ల డి వచ్చినా చాలదు, సి ఉంటేనే దాని పై సబ్జెక్టుకు దారి. ఏది పాసైతే ఏది తీసుకోవచ్చో ముందే రాసిపెట్టి ఉంటుంది, దాన్ని ప్రీరిక్విజిట్ అంటారు. అది లేకుండా రిజిస్టర్ చేసుకోబోతే కంప్యూటరే ఒప్పుకోదు.

చిత్తూరు పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. గొలుసు చెరువులు చూసే ఉంటారు. పై చెరువు నిండి మొరవ పోతేనే కింది చెరువుకు నీళ్లు. కింది చెరువులో ఎంత పూడిక తీసినా, కట్ట ఎంత ఎత్తు లేపినా, పైది నిండందే లాభం లేదు. సివిల్‌లో ఆ వరస దాదాపు ఇట్లా ఉంటుంది. కాలిక్యులస్, దాని కింద ఫిజిక్స్‌లో మెకానిక్స్, తర్వాత స్టాటిక్స్, తర్వాత మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్ (మనం స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ అనేది ఇదే), ఆ కింద స్ట్రక్చరల్ అనాలిసిస్, ఆ కింద కాంక్రీట్ డిజైన్, చిట్టచివర సీనియర్ డిజైన్ అనే ప్రాజెక్టు. ఏడు చెరువులు. ప్రాజెక్టు రెండు సెమిస్టర్లు సాగే కాలేజీలో అయితే ఎనిమిది. నాలుగేళ్లలో ఉండేవీ ఎనిమిది సెమిస్టర్లే.

డిగ్రీకి 120 నుంచి 130 క్రెడిట్ల దాకా కావాలి (క్రెడిట్ అంటే సబ్జెక్టు బరువును బట్టి ఇచ్చే లెక్క). అందరూ దాన్ని సెమిస్టర్‌కు 15 చొప్పున భాగించి ఎనిమిది సెమిస్టర్లంటారు, మీలాంటి వాళ్లు 20తో భాగించి ఆరంటారు. ఆ భాగహారంతోనే మోసపోతాం. ఏడు సబ్జెక్టులు తీసుకుంటే పక్క కుంటలు, అంటే గొలుసులో లేని సబ్జెక్టులు, తొందరగా నిండుతాయి, గొలుసు పొడుగు మాత్రం తగ్గదు.

మావాడి, అదే మా అక్క కొడుకు, సంగతి చెప్తాను. 2018 ఆగస్టులో దిగాడు. చేరకముందే, ఏ స్థాయి లెక్కలతో మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్టు రాయాలి. ఇంటర్‌లో లెక్కలకు మంచి మార్కులే. ఆ ధీమాతో, విమానం దిగిన మర్నాడు నిద్ర కళ్లతో మా సోఫాలో కూర్చుని ముప్పావు గంటలో ముగించేశాడు. కాలిక్యులస్‌కు ఒక మెట్టు కింద ఉండే ప్రీకాలిక్యులస్‌లో పడ్డాడు. "పోనీలే మామా, సులువుగా 'ఎ' గ్రేడ్ వస్తుంది" అన్నాడు. నేనూ సరేనన్నాను. నేను పీజీకి వచ్చినవాణ్ని, ఇక్కడి డిగ్రీ గొలుసు నాకెక్కడ తెలుసు?

ఆ ఒక్క మెట్టుతో ఏమైందో చూడండి. మొదటి సెమిస్టర్‌లో అవ్వాల్సిన కాలిక్యులస్ రెండోదానికి పోయింది. ఫిజిక్స్ మూడుకు, స్టాటిక్స్ నాలుగుకు, మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్ అయిదుకు. ఇంతవరకు ఆర్నెల్ల ఆలస్యమే. కానీ వాడి కాలేజీలో స్ట్రక్చరల్ అనాలిసిస్ ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌లో మాత్రమే చెప్తారు. ఆరో సెమిస్టర్ జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్. అంటే ఏడో సెమిస్టర్ దాకా ఆగాలి. కాంక్రీట్ డిజైన్ ఎనిమిదికి పోయింది. అది అయితే కానీ ప్రాజెక్టులో చేరనివ్వరు, ఆ ప్రాజెక్టు ఫాల్, స్ప్రింగ్ రెండూ కలిపి సాగేది. వాడికి పట్టా వచ్చింది 2023 మే నెలలో. ఆర్నెల్లు ఏడాదైంది. అయిదేళ్లలో వాడు ఒక్క సబ్జెక్టూ తప్పలేదు!

దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఒకటి వచ్చింది, అదీ పోగొట్టుకున్నాం. 2019 వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుకు డిగ్రీ మొదటి రెండేళ్ల సబ్జెక్టులు చెప్పే స్థానిక కాలేజీ) ఫిజిక్స్, రెండో కాలిక్యులస్ చేసుంటే ఫాల్‌కి స్టాటిక్స్ అందేది. ఆ వేసవిలో వాడు తిరుపతి వెళ్లి బేనీషా మామిడిపండ్లు తిన్నాడు. తినొద్దని కాదు, రెండో వేసవిలో తినొచ్చు.

కాబట్టి మీ అబ్బాయి ఇప్పుడు, తిరుపతిలో ఉండగానే, చేయాల్సింది ఒకటే. ఇంటర్ రెండేళ్ల లెక్కల పుస్తకాలు మళ్లీ తీయమనండి. ట్రిగనామెట్రీ, డెరివేటివ్స్, ఇంటిగ్రేషన్. ఇక్కడి మొదటి కాలిక్యులస్‌లో ఉండేది చాలావరకు అదే. మనవాళ్లకు విషయం తెలియక కాదు మార్కులు తగ్గేది. నాలుగు జవాబుల్లోంచి ఎంపిక చేసే అలవాటు వల్ల. ఆన్‌లైన్ టెస్టులు చాలావాటిలో జవాబు మనమే టైపు చెయ్యాలి. మళ్లీ రాసే అవకాశం ఇస్తారా అని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. పరీక్ష రాసి కాలిక్యులస్ క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ అనే దారి కూడా ఉంది. అది ఒప్పుకుంటారో లేదో కాలేజీ చెప్పాలి. ఒప్పుకుంటే ఒక చెరువు ముందే నిండినట్టు.

తర్వాత డిపార్ట్‌మెంట్ ఇచ్చే ఫ్లోచార్ట్ తీసుకుని, చివరి సెమిస్టర్ నుంచి వెనక్కి గీయమనండి. ప్రాజెక్టుకు ఏం కావాలి, దానికి ముందు ఏం కావాలి, ఏది ఫాల్‌లోనే ఉంది, ఏది స్ప్రింగ్‌లోనే ఉంది. గీయడం అయ్యాక అడ్వైజర్ (సబ్జెక్టుల ఎంపికలో సలహా ఇచ్చే కాలేజీ మనిషి) దగ్గరికి పోవాలి. ఖాళీ చేతుల్తో పోతే వాళ్లు పదిహేను నిమిషాల్లో ఏవో అయిదు సబ్జెక్టులు చెప్పి పంపిస్తారు. కాగితంతో పోతే ఆ కాగితం మీద మాట్లాడతారు. అడ్వైజర్‌ని "సార్, మీరే చెప్పండి" అని వదిలేయడం మన మర్యాద. ఇక్కడ అది పనికిరాదు.

మొదటి సెమిస్టర్‌కు నా మాట: కాలిక్యులస్, కెమిస్ట్రీ, సివిల్ పరిచయ క్లాసు, ఇంగ్లిష్ రైటింగ్, ఇంకో తేలికపాటిది. పదమూడు, పద్నాలుగు క్రెడిట్లు చాలు. ల్యాబ్‌కి ఒక్క క్రెడిటే రాస్తారు కానీ వారానికి మూడు గంటలు మింగుతుంది, రిపోర్టు వేరే.

పన్నెండుకు తగ్గకూడదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు ఫాల్, స్ప్రింగ్‌లలో కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే వస్తుంది. సరిగ్గా 12 తీసుకుని మధ్యలో ఒకటి వదిలేస్తే వీసాకే ముప్పు. వదలాల్సి వస్తే ముందు కాలేజీలో ఉండే ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి, తర్వాతే వదలాలి. వరస తారుమారైతే కష్టం. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 అనే పత్రం మీద ముగింపు తేదీ ఉంటుంది, చదువు సాగేట్టుంటే ఆ తేదీ దాటకముందే పెంచమని అడగాలి. మావాడికి పెంచారు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఇట్లాంటివి స్నేహితుల్ని అడగొద్దు, నన్నూ అడగొద్దు, ఆ ఆఫీసునే అడగండి.

టెక్సాస్‌లో స్టేట్ యూనివర్సిటీ కాబట్టి, ఏ డిగ్రీవాళ్లయినా చదవాల్సిన 42 క్రెడిట్ల కోర్ అని ఒకటుంటుంది. అందులో అమెరికా చరిత్ర ఆరు క్రెడిట్లు, గవర్నమెంట్ ఆరు క్రెడిట్లు. సివిల్ ఇంజనీరుకు టెక్సాస్ రాజ్యాంగం ఎందుకని తల పట్టుకోకండి, డిగ్రీకి కావాలి, అంతే. ఇవే నేను చెప్పిన పక్క కుంటలు. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుకు చేసేసుకోవచ్చు, ఫీజు మిగిలేది ఇక్కడే. కోర్సు నంబర్లు రాష్ట్రమంతా ఒకే పద్ధతిలో ఉంటాయి. మ్యాథ్ 2413 అంటే కాలిక్యులస్ వన్, ఇంజనీరింగ్ 2301 అంటే స్టాటిక్స్. రెండో అంకె క్రెడిట్లు చెప్తుంది, 2413లో నాలుగు. అయినా బదిలీ అవుతుందని మీ యూనివర్సిటీ చేత ముందే రాయించుకోవాలి.

సైన్సులో ఫిజిక్స్, కెమిస్ట్రీ కాక ఇంకోటి చాలాచోట్ల అడుగుతారు. చాలామంది జియాలజీ తీసుకుంటారు, మీవాడూ అదే తీసుకోవాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని ఒక బోర్డుంటుంది. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, రెంటికీ మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ. బస్సులో ఎన్నిసార్లు ఎక్కి దిగినా మనం చూడం. క్లాసులో ఆ మాట వచ్చిన రోజు మావాడు ఫోన్ చేసి అరిచాడు.

స్టాటిక్స్‌లో పిల్లల్ని మొదట కంగారు పెట్టేది లెక్కలు కాదు, కొలతలు. కిలోన్యూటన్లు పోయి పౌండ్లు, కిప్పులు వస్తాయి. కిప్పు అంటే వెయ్యి పౌండ్లు. మన మేస్త్రి 12 ఎంఎం కమ్మీ అంటే ఇక్కడ నంబర్ ఫోర్ బార్ అంటారు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అరంగుళం. మనం కాంక్రీటును క్యూబులు పోసి పరీక్షిస్తాం, ఇక్కడ సిలిండర్లు. ఒకే కాంక్రీటుకు సిలిండర్‌లో బలం తక్కువ చూపిస్తుంది, రెండింటినీ నేరుగా పోల్చకూడదు. కాంక్రీట్ డిజైన్ నియమాల పుస్తకం కూడా మన ఐఎస్ 456 బదులు ఏసీఐ 318. ఒక నెలలో అలవాటవుతుంది.

ఇక చివరి రెండేళ్ల ఎలెక్టివ్‌లు, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టులు. మన పిల్లలందరికీ స్ట్రక్చర్స్ మీదే మోజు. మావాడికీ అంతే. 2021 నవంబరులో వాడు ఆ స్ట్రక్చరల్ అనాలిసిస్ చదువుతున్నప్పుడే తిరుపతిని వాన ముంచింది. రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరుతున్నాయని కింది పల్లెలు ఖాళీ చేయించారు. డిసెంబరు మొదట్లో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. అక్క రాత్రిళ్లు వీడియోలు పంపేది. వాడా సెమిస్టర్‌లో హైడ్రాలజీ (వాన, వరద నీళ్ల లెక్కలు) కూడా తీసుకున్నాడు. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది కాదని, ప్రతి సంవత్సరమూ నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని అక్కడే నేర్చుకున్నాడు. మిగతా ఎలెక్టివ్‌లు నీళ్లూ మట్టీ వైపు మార్చుకున్నాడు. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో వాననీటి కాలవలు, కల్వర్టులు డిజైన్ చేస్తున్నాడు. స్ట్రక్చర్స్‌లో మాస్టర్స్ అడిగే కంపెనీలు చాలానే, నీళ్లు, రోడ్లు, భూమి పనుల్లో డిగ్రీతోనే తీసుకునేవి కాస్త ఎక్కువ. ఇది నేను చూసిన మేరకు చెప్తున్న మాట. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు పౌరులకే, వాటిని నమ్ముకుని ఎలెక్టివ్‌లు ఎంచుకోవద్దు.

ఇంటర్న్‌షిప్ చేయాలంటే ఒక విద్యాసంవత్సరం పూర్తవ్వాలి, సీపీటీ (చదువుతుండగా పనిచేసే) అనుమతి ఉండాలి. కానీ పూర్తి సమయం సీపీటీ 12 నెలలు వాడేస్తే తర్వాతి ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది. ఓపీటీ 12 నెలలు, సివిల్ స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల కోర్సులు) కిందికి వస్తుంది కాబట్టి ఇంకో 24. ఆ మూడేళ్లకు విలువ తెచ్చేది ఎఫ్ఈ పరీక్ష, ఇంజనీరు లైసెన్సుకు మొదటి మెట్టు. చివరి ఏడాదిలోనే రాసేయాలి. 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు. సర్వేయింగ్, ఇంజనీరింగ్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ అన్నీ వస్తాయి కాబట్టి ఎలెక్టివ్‌ల పేరుతో వాటిని తప్పించుకుంటే అక్కడ దొరికిపోతారు. ఏబెట్ (ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపున్న డిగ్రీ, ఎఫ్ఈ, నాలుగేళ్ల అనుభవం, ఆ తర్వాత పీఈ అనే ఇంజనీరు లైసెన్సు. చేరబోయే సివిల్ కోర్సుకు ఏబెట్ ఉందో లేదో ఫీజు కట్టేముందే చూసుకోండి.

సామాన్ల గురించి కూడా అడిగారు కదా. ప్రెషర్ కుక్కర్ ఇక్కడ దొరుకుతుంది, ఊరగాయ దొరుకుతుంది. మీవాడి క్యాసియో 991 కాలిక్యులేటర్ మాత్రం బ్యాగులో పెట్టండి. ఎఫ్ఈ పరీక్షలో అనుమతించే కొద్ది మోడళ్లలో అది ఉంది, వాడి వేళ్లకు అలవాటైందీ అదే.