పశువుల డాక్టరు జవాబులు: ఇంటి గడ్డి మేపితే పాలు తగ్గాయి, ఎందుకు?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. జెర్సీ సంకర ఆవు ఈని ఐదో నెల. దాణా ధర మోయలేక అరెకరంలో సూపర్ నేపియర్ గడ్డి వేశాను. రెండు నెలలుగా దాణా మాని అదే కడుపునిండా వేస్తున్నా. పూటకు ఐదు లీటర్లిచ్చేది మూడున్నరకు దిగింది. ఎస్ఎన్ఎఫ్ (పాలలో నీళ్లు, వెన్న పోగా మిగిలే ఘనపదార్థం) తక్కువని రేటూ కోస్తున్నారు. ఇంటి గడ్డి మంచిది కాదా డాక్టరుగారూ? – ఒక పాడి రైతు

జవాబు: గడ్డి మంచిదేనమ్మా, దాన్ని తీసెయ్యొద్దు. ఈని ఐదో నెల కాబట్టి కొంత తగ్గడం సహజమే. మిగతాది మేత లోటు. రేపు పొద్దున గాడిలో చెయ్యి పెట్టి చూడండి. చెరకు పిప్పిలాంటి కాడ ముక్కలు మిగిలి ఉంటే మీరు గడ్డిని ముదరబెట్టి కోస్తున్నట్టే. నలభై అయిదు, యాభై రోజులకు కోసెయ్యాలి. ఆ తర్వాత ఎత్తు పెరుగుతుంది గానీ కాడ పీచు కడుతుంది. పొట్ట నిండుతుంది, పాలకు బలం చాలదు.

ఇంకో లెక్క చూడండి. ముప్పై కిలోల పచ్చి నేపియర్‌లో ఇరవై నాలుగు కిలోల దాకా నీళ్లే, అవి పోగా మిగిలే ఎండు పదార్థం ఆరు కిలోలే. మీ ఆవుకు రోజుకు పన్నెండు కిలోల ఎండు పదార్థం కావాలి. పైగా నేపియర్‌లో మాంసకృత్తులు తక్కువ. ఆ లోటు తీర్చేది పప్పుజాతి మేత. మా అమ్మ సాయంత్రం గట్టు మీది అవిశ మండలు విరిచి, పాలు పిండే ముందు ఆవు ముందు వేసేది. అది ఎందుకో నాకు చదువుకున్నాకే తెలిసింది.

రోజుకు ఇరవై కిలోల లేత నేపియర్, ఎనిమిది పది కిలోల పప్పుజాతి మేత (అలసంద లేదా దశరథ గడ్డి), నాలుగైదు కిలోల జొన్న చొప్ప వేయండి. బూజు పట్టని వేరుశనగ కట్టె ఉంటే చొప్ప బదులు అదే మేలు. పది లీటర్ల ఆవుకు దాణా పూర్తిగా మానడం కుదరదమ్మా, రెండు కిలోలైనా ఉండాలి. యాభై గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మరవొద్దు. పప్పుజాతి మేత చేతికొచ్చేదాకా దాణా ఇంకో కిలో పెంచండి. ఏ మార్పయినా పది పదిహేను రోజుల్లో మెల్లగా చేయండి.

అలసంద రెండు నెలల్లోపే కోతకొస్తుంది, ముందు అది చల్లండి. దశరథ గడ్డి తొలి కోతకు మూడు నెలలు ఆగాలి. దాని గింజ పైపొర గట్టిది. నీళ్లు మరిగించి దించి, పొంగు తగ్గాక గింజల్ని అయిదు నిమిషాలుంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి విత్తండి.