వేపచెట్టుకు మేకులు, పర్యావరణానికి శుభాకాంక్షలు

చెప్పే మాటకు, చేసే పనికి పొంతన లేని కపటం గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వీధి మొదట్లో పెద్ద వేపచెట్టు ఉంది. ప్రపంచ పర్యావరణ దినమని జూన్ 5న దానికి నాలుగు మేకులు దిగ్గొట్టి, ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని రాసిన ఫ్లెక్సీ తగిలించారు. ఫ్లెక్సీ అంటేనే ప్లాస్టిక్ కదా! ఫొటో తీసి, శ్రీరంగనీతుల సామెతను పూర్తిగా జోడించి ఫేస్‌బుక్‌లో పెట్టాను. వందలమంది నవ్వారు. నెల దాటినా ఫ్లెక్సీ అక్కడే ఉంది. మనుషుల్లో సిగ్గు చచ్చిపోయిందా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. నినాదం పైన ఒక్క వరుసలో సర్దుకుంది. నడుమ నమస్కారం పెడుతున్న నాయకుడు నిలువెత్తున ఉన్నాడు. అడుగున గుండ్రటి గడుల్లో పద్నాలుగు చిన్న ముఖాలున్నాయి. మొక్క బొమ్మకు ఎడమ మూలన అరచేయంత చోటు దొరికింది గాని, దాని ఆకుల మీద కూడా ప్రింటింగ్ షాపువారి ఫోన్ నంబరు పడింది. ఎవరు ఎంత వేసుకుంటే వారి ముఖం అంత పెద్దదవుతుందన్నది ఈ కళలో లెక్క కనుక, పర్యావరణం పేరు మీద అచ్చయిన చందా జాబితాగానే నేను దాన్ని చదువుకున్నాను.

చట్టం సంగతి కూడా వినండి. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించినప్పుడు బ్యానర్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. అయితే 100 మైక్రాన్ల కంటే పలచనివాటికే ఆ నిషేధం వర్తిస్తుంది. కాస్త మందంగా వేయించినవారిని అది అంటదు. అదే ఏడాది ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలనే నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. ఆ ప్రకటన ఏ గతి పట్టిందో కావలిలోగాని నెల్లూరులోగాని ఏ కూడలిలో నిలబడి తలెత్తినా తెలుస్తుంది.

సిగ్గు చచ్చిపోయిందా అని అడిగారు. సిగ్గు ఉండాలంటే ముందు విషయం చెవిన పడాలి. మీ ఫొటో చూసి నవ్వినవారిలో హైదరాబాదువారు, బెంగళూరువారు, అమెరికాలో ఉన్న మీ పూర్వ విద్యార్థులు ఉన్నారని మీరే రాశారు. ఆ చెట్టు కింద నుంచి రోజూ సైకిల్ మీద పోయేవారు ఎందరున్నారో రాయలేదు. ఆ పద్నాలుగు ముఖాల్లో ఇద్దరైనా మీ దగ్గర అక్షరాలు దిద్దినవారై ఉంటారని నా అనుమానం. ఒక సాయంత్రం వారిలో ఒకరిని పిలిచి, ‘నాయనా, మేకు పీకించు’ అని చెప్పి చూడండి. వినకపోతే పురపాలక కమిషనర్ పేర రెండు ప్రతుల్లో అర్జీ రాసి, ఒకటి ఇచ్చి, రెండవ దాని మీద ముద్ర వేయించుకోండి.

సామెత గురించి ఒక మాట. నేను దాని మొదటి సగంతోనే ఆగిపోతాను. రెండవ సగం ఆటపాటలతో పొట్టపోసుకున్న ఒక కులాన్ని అవమానిస్తుంది. పరుల కపటాన్ని ఎత్తిచూపే సామెతలోనే అది ఉండటం మన అంశానికి ఎంతో దగ్గరిది.

ప్రశ్న: మా కళాశాలలో ఒక వాదన నడుస్తోంది. పైకి నీతులు చెప్పి లోపల వేరేగా బతికేవాడి కంటే, ‘నేను ఇంతే’ అని బాహాటంగా చెప్పి బూతులు మాట్లాడే యూట్యూబ్ వక్తే నయమని, అతడికి కనీసం నిజాయతీ ఉందని మిత్రులు అంటున్నారు. మీ అభిప్రాయం?
- డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: మీ మిత్రులతో నేను ఏకీభవించను. తల్లీ, మీ ఇంట్లో ప్రోనోటు ఎప్పుడైనా చూశారా? రాసి ఇచ్చినవాడికి తిరిగి ఇచ్చే ఉద్దేశం ఏ కోశానా లేకపోవచ్చు. అయినా కాగితం మన చేతిలో ఉన్నంతకాలం అడిగే హక్కు మనకు ఉంటుంది. కపటి నలుగురి ముందు పలికిన మంచిమాట అటువంటి కాగితమే. ‘నేను ఇంతే’ అనేవాడు కాగితమే రాయడు, కనుక అతడిని దేని మీద నిలదీస్తాం?

దీనికి నిదర్శనం కోసం దూరం పోనక్కరలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ప్రభుత్వం ఒక చేత్తో పల్లె ఆడవారికి పలకాబలపం ఇచ్చి రాత్రిబడులు నడిపింది. రెండవ చేత్తో సారా వేలంపాటలు వేసి ఖజానా నింపుకుంది. అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ తాగుడు వల్ల కూలిన సంసారాన్ని చెప్పింది. పాఠం అచ్చువేయించింది ప్రభుత్వం, సారా అమ్మించిందీ ప్రభుత్వమే. ఇంతకంటే పెద్ద కపటం ఏముంటుంది? ఆ జిల్లాలోని దూబగుంట అనే పల్లె ఆడవారు ఆ వైరుధ్యాన్ని చూసి నవ్వుకొని ఊరుకోలేదు, పాఠాన్ని పాఠంగానే తీసుకున్నారు. ‘మీరే చెప్పారు కదా’ అని సారా దుకాణం ముందుకు నడిచారు. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను మహిళలు అడ్డుకున్నారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ఎనభైలలో వారుణి వాహిని పేరిట సారా పొట్లాలు అమ్మించిన ఎన్.టి.రామారావుగారే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి తెచ్చారు. 1997లో దానిని ఎత్తివేశారన్నదీ చరిత్రే. ఎత్తివేతతో దూబగుంట చేసినది అబద్ధం అయిపోదు.

ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుందని మీ ఇంట్లో పెద్దలకు తెలుసు. అంతర్జాలంలో చెప్పిన మాటకు మూడు రోజులు కూడా పట్టదు. నాయకుడు పదేళ్ల క్రితం అన్న మాటను, నేడు అన్న మాటను పక్కపక్కన పెట్టి వీడియో చేస్తారు. లక్షమంది చూసి, నవ్వి, తరువాతి దానికి జరిగిపోతారు. రెండు మాటల్లో ఏది మనకు పనికివస్తుందో, ఆ మాట పట్టుకొని ఎవరి గడప తొక్కాలో ఎవరూ చెప్పరు. ఆ నవ్వుతోనే బాకీ చెల్లిపోయినట్టు ఉంటుంది మనకు.

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో 412 మంది ఉన్నాం. నీళ్ల గురించి ఎక్కువగా రాసేది నేనే. కాని మా ఇంట్లో తాగేది కొనుక్కొచ్చిన 20 లీటర్ల క్యాన్ నీళ్లు. ఒక మిత్రుడు ఆ క్యాన్ ఫొటో గ్రూపులో పెట్టి ‘ఉద్యమనేత’ అని రాశాడు. నేను కపటినా?
- ఒక యువకుడు

జవాబు: కాదు. పిల్లలకు పళ్లు పచ్చబడితే చూస్తూ ఉండమని ఏ ఉద్యమమూ చెప్పదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి గ్రూపులో రాయండి, ‘కాచి తాగితే చాలు’ అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మన దేశంలో ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్య పత్రికకు ఎక్కిన తొలి నివేదికల్లో ఒకటి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల మీద వచ్చింది; దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనివే. మీ తాతగారు పుట్టకముందు నుంచి తెలిసిన జబ్బుకు మీ ఇంటి క్యాన్‌ను జవాబుదారీ చేయడం హాస్యం కూడా కాదు.

అయితే మీ ఉత్తరం చివర మీరు తేలికగా రాసి దాటేసిన వాక్యం దగ్గర నేను ఆగాను. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మీ ఊళ్లోనూ షామియానా వేశారు. గ్రూపులోని 412 మందిలో సభకు వచ్చినవారు పందొమ్మిది మంది అని, వచ్చినవారు కూడా సెల్ఫీ దిగి, సంతకం పెట్టి, మజ్జిగ ప్యాకెట్ తీసుకొని వెళ్లారని రాశారు. ఆ పందొమ్మిది మందిలో మీరు ఉన్నారో లేదో రాయలేదు. ఆనాటి సభ ఉపాధి హామీ పనుల కోసం కనుక నీళ్ల మాట ఎత్తడం అసందర్భమని మీరు అనుకొని ఉండవచ్చు. కాని సభలో ఎత్తిన మాట తీర్మానాల పుస్తకానికి ఎక్కే వీలుంది, గ్రూపులో ఎత్తిన మాట మరునాటి ‘శుభోదయం’ పువ్వుల కిందికి పోతుంది. క్యాన్ గురించి మిమ్మల్ని ఎగతాళి చేసిన మిత్రుడిని వచ్చే సభకు వెంటబెట్టుకొని వెళ్లండి. అతడి ఇంట్లోనూ క్యానే ఉంటుంది.

ప్రశ్న: మా బావగారు 2021లో కరోనా రోజుల్లో చేతికి వచ్చిందల్లా ఫార్వర్డ్ చేసేవారు. ఇప్పుడు కుటుంబ గ్రూపులో అందరికీ ‘నిర్ధారించుకోకుండా పంపవద్దు’ అని ఉపదేశిస్తున్నారు. పాత సందేశాల స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉన్నాయి. పెట్టమంటారా?
- గృహిణి, నెల్లూరు

జవాబు: పెట్టవద్దమ్మా. ఆ రోజులు మన జిల్లాను ఎట్లా ఊపాయో మీకు తెలుసు. 2021 మే నెలలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఫోన్లలో ‘ఇంట్లోనే ఉండండి’ అని స్టేటస్ పెట్టుకున్నవారే ముత్తుకూరు మండలం కృష్ణపట్నానికి దారి ఎటని అడిగారు. అక్కడ కరోనాకని ఆనందయ్యగారు ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. పంపిణీ ఆగింది, పరీక్షలు జరిగాయి, కంట్లో వేసే చుక్కల మందును మినహాయించి మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మందు పనిచేసిందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్లను. దూరం పాటించమనే సందేశం, గుంపులో చేరమనే సందేశం ఒకే వేలి కింద నుంచి పోయాయన్నదే నాకు గుర్తుంది.

అప్పుడు నేనూ ఒక ఆక్సిజన్ సిలిండర్ల నంబరును సరిచూడకుండా పదిమందికి పంపాను. అది పనిచేయని నంబరు. దానికి పదకొండుసార్లు ఫోన్ చేసిన ఒక మిత్రుడు తరువాత నన్ను ఏమీ అనలేదు. ఒకేసారి ఐదుకు మించి పంపకుండా వాట్సాప్ 2018లోనే మన దేశంలో కట్టడి పెట్టింది, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒకరికే పంపేట్టు 2020లో ఇంకా బిగించింది. నేను రెండుమూడుసార్లు నొక్కి ఆ కట్టడిని దాటాను. కనుక మీ బావగారి ఉపదేశం వెనుక ఏదో ఒక నంబరు ఉండి ఉంటుందని నాకు తోస్తుంది. ఆయన మాట కూడా ప్రోనోటే. ఈసారి ఆయనే సరిచూడకుండా పంపితే, స్క్రీన్‌షాట్లు లేకుండా, ‘బావగారూ, ఇది నిర్ధారించుకున్నారా?’ అని గ్రూపులో కాక విడిగా అడగండి.

ప్రశ్న: మా పంచాయతీ వీధిదీపాల ఖర్చు గురించి సర్పంచిగారి ఫేస్‌బుక్ పేజీలో మూడుసార్లు వ్యాఖ్య రాశాను. ఆ పేజీ పైన ‘పారదర్శకతే మా ఊపిరి’ అని ఉంటుంది. మూడవసారి నన్ను బ్లాక్ చేశారు. సమాచార హక్కు చట్టం కింద నేను అడిగినట్టు లెక్కకు వస్తుందా? సోమవారం కలెక్టరేట్‌కు పోవాలా? రుసుము ఎంత?
- కందుకూరు ప్రాంత పాఠకురాలు

జవాబు: రాదు. దరఖాస్తు పంచాయతీ పౌర సమాచార అధికారి పేర ఉండాలి. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు, ఏ ఏడాది లెక్క కావాలో మాత్రం స్పష్టంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. సోమవారం అర్జీల కార్యక్రమానికి పేరు స్పందన అయినా, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయినా, అది ఫిర్యాదులకు; లెక్కల కాగితాలు కావాలంటే దారి ఇదే. ‘పారదర్శకతే మా ఊపిరి’ అన్న ఆ వాక్యం కనిపించేట్టు పేజీని ఎవరి ఫోన్ నుంచైనా అచ్చు తీయించి దరఖాస్తుకు జతచేయండి. చట్టం అడగదు గాని, చదివే గుమాస్తా ఒకసారి ఆగుతాడు. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. రసీదు మీద తేదీ పడిందో లేదో అక్కడే చూసుకోండి.